మక్క చేన్లో పందులు, అటక మీద తాత తుపాకీ

ప్రశ్న: మాది నిర్మల్ జిల్లాలో అడవి అంచు పల్లె. బోరు కింద నాలుగెకరాలు మక్క వేసిన. కంకి పాలు పట్టే దశలో ఉన్నది. వారం రోజుల సంది రాత్రిపూట అడవి పందులు పడి తొక్కి, నమిలి పోతున్నయి. మా తాత పేరు మీద పంట కాపలాకు నాటు తుపాకీ లైసెన్సు ఉండె. ఆయన పోయి రెండేండ్లు. తుపాకీ అటక మీదనే ఉన్నది. సర్పంచేమో "కాల్చుకో, నేను చూసుకుంటా" అంటుండు. పక్క చేను వాళ్లు కరెంటు తీగ పెట్టుమంటున్నరు. హైదరాబాద్ నుంచి ఒక షూటర్ వస్తడట, మాంసం పంచుకుందామని కబురు పంపిండు. మా బావ ఇంగ్లండ్‌ల ఉంటడు. అక్కడ గేమ్‌కీపర్లు తుపాకీ భుజాన వేసుకొని పొలాల మీద తిరుగుతరు, ఎవ్వరూ అడగరు అంటడు. మాకే ఎందుకీ తిప్పలు? ఇప్పుడు నేనేం చేయాలె?

సమాధానం: మీ చేను సంగతి తర్వాత. ముందు అటక మీది తుపాకీ సంగతి తేలాలి.

లైసెన్సు మనిషికి ఇస్తారు, ఇంటికి కాదు. మీ తాత కన్నుమూసిన రోజే ఆ లైసెన్సు పని అయిపోయింది. అలాంటి ఆయుధాన్ని ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్లోనో, లైసెన్సున్న ఆయుధాల డీలర్ దగ్గరో జమ చేయాలని 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. జమ చేశాక వారసులు తమ పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. జమ చేయకుండా ఇంట్లో ఉంచుకుంటే అది లైసెన్సు లేని ఆయుధమే. 2019 సవరణ తర్వాత దానికి శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్ల వరకు. రెండేళ్లు గడిచాయి కాబట్టి దాన్ని బండి మీద పెట్టుకొని మీరే స్టేషన్‌కు బయలుదేరకండి. దారిలో ఎవరైనా ఆపితే ఏం చెప్పినా వినరు. ముందు ఒక వకీలుతో మాట్లాడండి. పాత లైసెన్సు పుస్తకం, మరణ ధ్రువపత్రం జత చేసి ఎస్‌ఐకి రాతపూర్వకంగా తెలపండి. వాళ్లు చెప్పిన పద్ధతిలో అప్పగించి, తుపాకీ వివరాలతో రసీదు తీసుకోండి.

ఇంకొక్క మాట. మూతి వైపు నుంచి మందు కూరే తుపాకీలను మందు దట్టించే వదిలేయడం మన పల్లెల్లో మామూలు. దాన్ని కిందికి దించేటప్పుడు గొట్టం మూతి ఎవరి వైపూ ఉండకూడదు. లోపల మందు ఉందో లేదో తెలుసుకోవడానికి కూరుడు కడ్డీని మెల్లగా జారవిడిచి, మూతి దగ్గర వేలితో గుర్తు పట్టి బయటకు తీయండి. ఆ కడ్డీని గొట్టం పక్కనే ఆనించి చూడండి. అది గొట్టం అడుగుదాకా రాకుండా మూడు నాలుగు వేళ్ల ఎడం మిగిలితే లోపల మందు ఉన్నట్టే. గెలికి తీయబోకండి, నీళ్లు పోయకండి. ఉన్న సంగతి పోలీసులకు చెప్పండి.

ఇక అసలు విషయం. తుపాకీ లైసెన్సు వేరు, జంతువును చంపే అనుమతి వేరు. చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు, కేసులు పడేది అక్కడే. పంట కాపలాకు మూతి వైపు మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వొచ్చని ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో ఉంది. అది సరిపోదని లైసెన్సు ఇచ్చే అధికారి అనుకుంటే వేరే నున్నగొట్టం (లోపల గాడులు లేని) తుపాకీకి కూడా ఇవ్వొచ్చు. కానీ ఆ కాగితం మీకు ఇచ్చేది తుపాకీని దగ్గర ఉంచుకునే హక్కు మాత్రమే. దాంతో పందిని కొట్టాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇంకో కాగితం కావాలి.

అడవి పంది ఇప్పుడు ఆ చట్టం రెండో షెడ్యూల్లో, అంటే రక్షణ ఉన్న జంతువుల రెండో జాబితాలో ఉంది. 2022 సవరణకు ముందు మూడో షెడ్యూల్లో ఉండేది. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 9వ సెక్షన్ వేటను నిషేధిస్తుంది. వేట అంటే తుపాకీతో కొట్టడం ఒక్కటే కాదు. విషం పెట్టడం, ఉచ్చు వేయడం, పట్టుకోవడం, కుక్కలతో తరిమి చంపడం, చంపడానికి ఎర వేయడం, ఇవన్నీ వేటే. ప్రయత్నం చేసి తప్పిపోయినా వేటే. డబ్బా కొట్టి, లైటు వేసి చేన్లోంచి తోలేయడం వేట కాదు, ఎందుకంటే అందులో చంపే ఉద్దేశం లేదు. నిషేధాన్ని మీరితే మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అదే పని అభయారణ్యంలో జరిగితే, లేదా మీ ఉచ్చులో పులి లాంటి మొదటి షెడ్యూల్ జంతువు పడితే, మూడేళ్లకు తగ్గని జైలు. అది ఏడేళ్ల దాకా పోవచ్చు. మీది కవ్వాల్ పులుల అభయారణ్యం ఉన్న జిల్లా. పంది కోసం పెట్టిన తీగకు పులి తగలడం ఉమ్మడి ఆదిలాబాద్‌లో జరిగిన సంగతే.

దీనికి మినహాయింపు 11వ సెక్షన్లో ఉంది. పంది మనుషుల ప్రాణానికో, ఆస్తికో ప్రమాదంగా మారిందని నమ్మితే దాన్ని చంపడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ (రాష్ట్రంలో వన్యప్రాణి విభాగం పెద్ద) గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ అనుమతి ఇవ్వొచ్చు. నిలబడి ఉన్న పంట కూడా ఆస్తి కిందికే వస్తుందని చట్టంలోనే రాసి ఉంది. అంటే మీ మక్క పోవడం చట్టం లెక్కలోకి వచ్చే కారణమే. అయితే ఆ అనుమతి రాతపూర్వకంగా ఉండాలి, కారణాలు రాసి ఉండాలి, ఫలానా ప్రాంతం అని ఉండాలి. నోటి మాట చెల్లదు. ఫోన్లో "సరే కానీయండి" అన్న మాట అసలే చెల్లదు.

ఇక్కడే సర్పంచ్ మాట తూకం వేయాలి. ఈ అధికారాన్ని కింది వాళ్లకు అప్పగించే వీలు చట్టంలో ఉంది. కేరళలో 2022లో స్థానిక సంస్థల అధ్యక్షులకే అప్పగించారు. కాబట్టి సర్పంచ్ అనుమతి ఇవ్వడమన్నది వినరాని మాటేమీ కాదు. కానీ "నేను చూసుకుంటా" అనడం అనుమతి కాదు. ఏ ఉత్తర్వు కింద ఇస్తున్నాడు, దాని నంబరెంత, గడువు ఎప్పటిదాకా, అందులో షరతులేమిటి? ఈ నాలుగింటికీ కాగితం చూపించగలిగితే సంతకం పెట్టించుకోండి. చూపించలేకపోతే రేపు కేసు మీ పేరు మీద నడుస్తుంది, ఆయన పేరు మీద కాదు.

మీరు చేయాల్సింది ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్‌కు దరఖాస్తు. సర్వే నంబరు, పట్టాదారు పాస్ పుస్తకం నకలు, ఎన్ని ఎకరాలు, పంట ఏ దశలో ఉంది, ఏయే రాత్రులు పడ్డాయి, ఎంత మేర పోయింది, అడవి హద్దు ఎంత దూరం, ఇప్పటిదాకా ఏమేం చేసి చూశారు, ఇవన్నీ రాయండి. తేదీ పడేలా తీసిన ఫోటోలు, గ్రామ పంచాయతీ తీర్మానం జత చేయండి. రెండు ప్రతులు పట్టుకెళ్లి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. బీట్ ఆఫీసర్ చేను చూడడానికి వచ్చేలోపు అడుగుజాడలు చెరిగిపోకుండా రెండు మూడింటి మీద తట్టలు బోర్లించండి. పంది అడుగులో ముందు రెండు గిట్టల వెనక, కాస్త పక్కలకు, చిన్న గిట్టల గుర్తులు కూడా పడతాయి. మెత్తటి నేలలో ఇవి స్పష్టంగా కనిపిస్తాయి. దుప్పి అడుగులో మామూలుగా పడవు. మూతితో నేల తవ్విన చాళ్లు, నమిలి ఉమ్మేసిన మక్క పిప్పి, గెట్టు పక్క బురద గుంటలో పొర్లిన జాడ, ఇవన్నీ సాక్ష్యాలే. ఏదుపంది కూడా మక్కను కొరుకుతుంది. ఏదుముళ్లు దొరికితే దాచిపెట్టకండి, దాని లెక్క వేరు. ఊరపందులైతే అది అటవీ శాఖ పనే కాదు. అవి ఒకరి సొత్తు, వాటిని కొడితే తగవు వాటి యజమానితో వస్తుంది. వీపు మీద నిక్కబొడుచుకున్న కేశాలు, పొడుగు మూతి, పిల్లల ఒంటి మీద చారలు ఉంటే అడవివే.

షూటర్ సంగతి. నీల్‌గాయ్‌లను (మనుబోతులను) చంపడానికి 2016లో బీహార్‌లోని మొకామా వెళ్లింది హైదరాబాద్ షూటర్లే. అంత పేరున్న వాళ్లు కూడా కాగితం చేతిలో పెట్టుకునే వెళ్లారు. అప్పట్లో కేంద్రం 62వ సెక్షన్ కింద బీహార్‌లో నీల్‌గాయ్‌ను, అడవి పందిని కొంతకాలానికి హానికర జంతువులుగా ప్రకటించింది. అలాంటి ప్రకటన ఉన్నచోట లెక్క వేరు. మీకు వర్తించేది 11వ సెక్షన్ దారే. మీ దగ్గరికి వస్తానంటున్న మనిషిని మూడు అడగండి. అనుమతి పత్రంలో ఆయన పేరు ఉందా? ఆయన ఆయుధ లైసెన్సు మన రాష్ట్రంలో చెల్లుతుందా? ఆ లైసెన్సు అసలు ప్రతి వెంట తెస్తాడా? "మాంసం పంచుకుందాం" అన్న మాట దగ్గరే బేరం ఆపేయండి. 11వ సెక్షన్ కింద అనుమతితో చంపిన జంతువు కూడా 39వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఆస్తి. దాన్ని 48 గంటల్లోగా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో, అధికారికో తెలపాలి. కోసి పంచితే అనుమతి ఉన్న మనిషి కూడా నేరస్థుడవుతాడు. కూర వండుకున్న ఇల్లూ చిక్కుకుంటుంది, మోసిన బండినీ పట్టుకుపోతారు. కళేబరాన్ని ఏం చేయాలన్నది అటవీ సిబ్బంది చెప్పినట్టే జరగాలి. ఇంకో ముఖ్యమైన జాగ్రత్త: గాయం లేకుండా చచ్చిపడి ఉన్న పంది కనిపిస్తే ముట్టుకోకండి. పందుల్ని ఊడ్చిపెట్టే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ 2020 నుంచి మన దేశంలో ఉంది. మనుషులకు రాదు గానీ చెప్పులకు అంటుకొని ఊరపందుల దొడ్డికి చేరుతుంది.

అనుమతి చేతికి వచ్చి, కాల్చే రోజే వస్తే, చేను యజమానిగా మీరు పట్టుబట్టాల్సినవి కొన్ని ఉన్నాయి. మంచె మీద నుంచి కిందికి కాల్చాలి. తగలని గుండు నేలలో దిగబడాలి. నేలలో దిగబడని రైఫిల్ గుండు రెండు కిలోమీటర్లు దాటి కూడా ప్రాణం తీయగలదు. పక్క చేన్లలో కావలి పడుకున్న వాళ్లు, బోర్ల దగ్గర నీళ్లు కట్టే వాళ్లు ఎవరెవరో సాయంత్రమే లెక్క తీసుకొని ఇళ్లకు పంపాలి. లేదంటే ఆ రాత్రి మానుకోవాలి. మక్క కదిలిందని, గుర్రుమని చప్పుడైందని కాల్చే మనిషి షూటర్ కాదు. తల, భుజం, పక్క మూడూ స్పష్టంగా కనబడాలి. 12 బోరు తుపాకీతో అయితే ఎల్‌జీ, ఎస్‌జీ రకం పెద్ద గుళ్లు వాడినా 30 మీటర్లు దాటితే గుళ్లు చెదిరి పందికి గాయమే మిగులుతుంది. ముందు కాలి వెనక, ఒంటి కింది మూడో వంతులో తగిలితే గుండెకు తగిలినట్టు. పొట్టకు తగిలిన పంది చాలా దూరం పోతుంది. రాత్రి దాని వెంట పోవద్దు. తెల్లవారాక, తుపాకీ ఉన్న మనిషి ముందు నడుస్తుండగా నెత్తురు జాడ పట్టాలి. పొదల్లోంచి గాయపడిన మగ పంది మీదికి వస్తే దాని కోర మనిషి తొడను చీల్చేస్తుంది. ఎయిర్‌గన్‌తో కొడదామనే ఆలోచన ఉంటే మానండి. 0.177 అంగుళాల బోరు, 20 జౌళ్ల (జౌల్ అంటే శక్తి కొలత) లోపు ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేదన్నది నిజమే. కానీ దానితో పందిని కొట్టడం వేటే. పైగా పంది చావదు, కుళ్లుతుంది.

కొత్తగా తుపాకీ లైసెన్సు పెట్టుకోవాలనుకుంటే ఇంకో అడ్డు ఉంది. అభయారణ్యం నుంచి పది కిలోమీటర్ల లోపు ఊళ్లలో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు సమ్మతి లేకుండా కొత్త ఆయుధ లైసెన్సు ఇవ్వకూడదని వన్యప్రాణి చట్టం 34వ సెక్షన్. మీ ఊరు ఆ పరిధిలోకి వస్తుందో రేంజ్ ఆఫీసులో మ్యాపు చూపించమనండి. ఎట్లా చూసినా ఈ పంటకు ఆ లైసెన్సు అందదు.

కరెంటు తీగ గురించి ఎక్కువ చెప్పం. స్టార్టర్ డబ్బా నుంచి 230 వోల్టులు లాగి చేను చుట్టూ కట్టిన తీగకు పందీ తెలియదు, మీ పిల్లాడూ తెలియదు. తెల్లవారుజామున తీయడం మరిచిపోయి, దాన్ని పెట్టిన రైతే చనిపోవడం మన రెండు రాష్ట్రాల్లోనూ వింటూనే ఉంటాం. మనిషి పోతే హత్యతో సమానం కాని ప్రాణహరణం కేసు, పైన కరెంటు చౌర్యం, జంతువు పోతే వన్యప్రాణి కేసు. క్లచ్ వైరు ఉచ్చులు, పిండిలో చుట్టిన నాటు బాంబులు కూడా అంతే. వాటిని మొదట తినేది మీ ఎద్దో, ఊరి కుక్కో.

మీ బావ మాటకు వద్దాం. ఇంగ్లండ్‌లో గేమ్‌కీపర్ అనేది ఒక ఉద్యోగం. భూస్వాముల ఎస్టేట్లలో నెమలికోడి లాంటి ఫెజెంట్లను పెంచి, నక్కల నుంచి కాకుల నుంచి కాపాడి, వేట కాలంలో కాల్చడానికి సిద్ధం చేయడం ఆయన పని. చూసేవాళ్లకు తుపాకీ వేసుకొని తిరుగుతున్నట్టే ఉంటుంది గానీ వెనక కాగితాలు మనకన్నా తక్కువేమీ కావు. తుపాకీకి పోలీసులిచ్చే సర్టిఫికెట్ ఉండాలి. ఫెజెంట్‌ను కాల్చేది అక్టోబర్ 1 నుంచి ఫిబ్రవరి 1 వరకే. జింకలకు 1991 చట్టం ప్రకారం జాతిని బట్టి, ఆడా మగా తేడాను బట్టి నిషేధ కాలాలున్నాయి. పంట మీద పడే పావురాన్ని, కాకిని కొట్టాలన్నా జనరల్ లైసెన్సు (అందరికీ కలిపి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) షరతులకు లోబడే కొట్టాలి. ఆ షరతుల్లో ఒకటి మీకు పనికొస్తుంది: చంపకుండా ఆపే పద్ధతులు ముందు ప్రయత్నించాలి. ఉచ్చులను వేల్స్ 2023లో, స్కాట్లండ్ 2024లో పూర్తిగా నిషేధించాయి. "నా పొలం, నా తుపాకీ" అన్నది అక్కడా లేదు.

ఇప్పుడు మీ చేను. అనుమతి వచ్చి, షూటర్ వచ్చి, ఒక పంది పడిందనుకుందాం. ఆ మంద నాలుగు రోజులు దూరంగా ఉండి మళ్లీ వస్తుంది. ఆడ పంది సుమారు 115 రోజులు మోసి ఒక ఈతలో నాలుగు నుంచి ఆరు పిల్లల్ని పెడుతుంది. మక్క పాల దశ దాటడానికి మీకున్నది రెండు మూడు వారాలు. ఆ లోపు చేను నిలబడాలంటే కంచె ఒక్కటే దారి. మన రైతులు జట్కా మిషన్ అంటున్నదే, సోలార్ ఎనర్జైజర్. ఇది కరెంటు తీగ కాదు. 12 వోల్టుల బ్యాటరీ నుంచి సెకనుకు ఒకసారి మాత్రమే, సెకనులో వందో వంతు కన్నా తక్కువ సేపు, వేల వోల్టుల దెబ్బ కొట్టి ఆగిపోతుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉన్న ఆ విరామమే తగిలిన మనిషిని, గొడ్డును వదిలించుకోనిస్తుంది. కొనేటప్పుడు ఐఎస్ 302-2-76 ప్రమాణం గుర్తు చూడండి. ఒక్కో దెబ్బలో శక్తి 5 జౌళ్లు మించకూడదు. చైనా డబ్బాకు మీటర్ అతికించి అమ్మేవి, ఊళ్లో మెకానిక్ ఇన్వర్టర్ విప్పి చేసిచ్చేవి వద్దు.

నాలుగెకరాలు చతురస్రంగా ఉంటే చుట్టుకొలత సుమారు 510 మీటర్లు. పొడుగు చెక్క అయితే ఇంకా పెరుగుతుంది, తాడుతో కొలుచుకోండి. మూడు వరుసలకు 1,530 మీటర్ల తీగ. రెండున్నర మిల్లీమీటర్ల జీఐ (జింక్ పూత ఇనుప) తీగ మీటరుకు 38 గ్రాముల పైచిలుకు తూగుతుంది, కాబట్టి 60 కిలోలు, ముడులకు తలుపుకు కలిపి 65 తెచ్చుకోండి. ఐదు మీటర్లకో గుంజ చొప్పున 102. మూలల్లో కడీలు పాతి ఏటవాలు ఊతం పెట్టండి, మధ్యలో వెదురు సరిపోతుంది. వెదురు కూడా తడిస్తే కరెంటు లాగుతుంది, అందుకని గుంజకు మూడు చొప్పున ఇన్సులేటర్లు తప్పనిసరి. పాత మోటారు పైపు ముక్కలు చుట్టి కట్టేవాళ్లున్నారు. ఎండకు పగిలి మొదటి వానకే లీకవుతాయి. ముళ్ల తీగకు మాత్రం ఈ కరెంటు ఎప్పుడూ కలపకండి. చిక్కుకున్న జీవి బయటపడలేదు.

ఎత్తుల దగ్గరే చాలా కంచెలు ఓడిపోతాయి. పంది కంటితో కాదు, మూతితో వెతుకుతుంది. తడి మూతికి తగిలేదే అసలు దెబ్బ. కింది తీగ నేల నుంచి 20 సెంటీమీటర్లు, అంటే ఎనిమిది అంగుళాలు. రెండోది అడుగున్నర. మూడోది రెండున్నర అడుగులు. కింది తీగ అడుగు దాటితే పంది తల దూర్చేస్తుంది, వీపు మీది దట్టమైన వెంట్రుకలకు తీగ తగిలి దెబ్బ ఆనదు, ముందుకే ఉరుకుతుంది. బోదెలు, కాల్వలు దాటే చోట నేల దిగి తీగ ఎత్తవుతుంది. పందులు మొదట కనిపెట్టే చోటు అదే. అక్కడ అదనంగా గుంజ పాతండి, లేదా మట్టి పోయండి.

తర్వాతది ఎర్తింగ్. యాసంగిలో "మిషన్ కొట్టట్లేదు" అనే ఫిర్యాదుల్లో ఎక్కువ దీనివే. దెబ్బ తీగ నుంచి పంది ఒంటి గుండా నేలలోకి దిగి, ఎర్త్ రాడ్ ద్వారా మిషన్‌కు తిరిగి రావాలి. నేల ఎండిపోతే ఆ దారి మూసుకుపోతుంది. ఐదారు అడుగుల జీఐ రాడ్లు మూడు, పదేసి అడుగుల ఎడంతో, బోరు నీళ్లు పారే తడి చోట దిగగొట్టి ఒకే తీగతో కలపండి. ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్‌కు, మోటారు ఎర్త్‌కు కనీసం పది మీటర్ల దూరం ఉండాలి. సరిచూసుకోవడానికి మిషన్‌కు వంద మీటర్ల అవతల రెండు మూడు ఇనుప కడ్డీలను తీగకు ఆనించి నేలలో గుచ్చి, తీగలో వోల్టేజీ రెండు వేల కిందికి పడేలా చేయండి. అప్పుడు చివరి ఎర్త్ రాడ్‌కు, మీటరు దూరంలో నేలలో గుచ్చిన మేకుకు మధ్య ఫెన్సింగ్ వోల్ట్‌మీటర్ పెట్టి చూడండి. 300 వోల్టులు దాటితే ఇంకో రాడ్ దించండి, మొదళ్లలో రోజూ బిందె నీళ్లు పోయండి. మామూలు మల్టీమీటర్ పెట్టకండి, కాలిపోతుంది.

కంచె దూరపు మూలలో కనీసం 4,000 వోల్టులు చూపాలి. తగ్గితే ముందు గడ్డి చూడండి. తీగకు ఆనిన పచ్చి గడ్డి పరకలు ఒక్కొక్కటీ కాస్త కాస్త కరెంటు తాగేస్తాయి. తీగ కింద అడుగున్నర వెడల్పున చెక్కి, వారానికోసారి కొడవలి వేయండి. మక్క ఆకులు వంగి తీగకు ఆనకుండా చివరి వరుసకు రెండడుగులు వదలండి. బ్యాటరీకి లెక్క ఇట్లా వేసుకోవచ్చు: మిషన్ సగటున 0.3 ఆంపియర్లు తీసుకుంటే రోజుకు 7 ఆంపియర్ అవర్ల పైన. మూడు రోజులు మబ్బు పట్టినా నడవాలంటే 22. సీసం బ్యాటరీని సగానికి మించి దింపకూడదు కాబట్టి 45 ఆంపియర్ అవర్లది కావాలి.

కరెంటు లైన్ల కింద కంచె వెళ్తే దూరం చూసుకోండి. ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) తీగల నుంచి మూడు మీటర్లు, 11 కేవీ నుంచి నాలుగు. దారి పక్కన పసుపు రంగు హెచ్చరిక బోర్డులు, కనీసం 10 సెంటీమీటర్ల ఎత్తు, 20 వెడల్పు ఉన్నవి, రెండు వైపులా కనిపించేలా కట్టండి. ఒకే కంచెకు రెండు మిషన్లు కలపకండి. పక్క చేను వాళ్లతో కలిసి కట్టుకుంటే పెద్ద మిషన్ ఒకటే పెట్టుకోండి, ఖర్చు కలిసొస్తుంది. కట్టిన మొదటి సాయంత్రమే ఆన్ చేయాలి. ఒక్క రాత్రి చల్లగా ఉన్న తీగను పంది దాటిందంటే, దాటొచ్చని నేర్చుకుంటుంది. ఆ తర్వాత దెబ్బ తగిలినా ఆగడం కష్టం.

కంచె సామాను చేరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అప్పటిదాకా మంచె కావలి, బలమైన లైటు, డబ్బా చప్పుడు. నేల మీద పడుకోవద్దు. పందిని తోలేటప్పుడు దానికి అడవి వైపు దారి వదలండి, మూలకు తరమకండి. రంగు చీరలు, రేడియో, క్షౌరశాల నుంచి తెచ్చిన వెంట్రుకలు చల్లడం, ఇవి నాలుగు రోజులు పనిచేస్తాయి, వారం పదిరోజుల్లో పందులు అలవాటు పడతాయి. వాటిని మార్చి మార్చి వాడితేనే ఫలితం. ఫోరేట్ అనే పురుగుమందు గుళికల పొట్లాలు గెట్ల మీద కట్టే పాత సలహా ఇంకా తిరుగుతోంది. ఫోరేట్ వాడకం 2020 డిసెంబర్ 31తో ఆగిపోయింది, దొరికినా తేవద్దు. వచ్చే పంటకైతే మక్క చుట్టూ నాలుగు వరుసలు ఆముదం, పల్లి చుట్టూ ముళ్ల కుసుమ వేయండి. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్పే పద్ధతే ఇది. ఆముదాన్ని పంది తినదు, దాని వాసన మక్క వాసనను కప్పేస్తుంది. ఈ పంటకు మాత్రం ఆలస్యమైంది.

పోయిన పంటకు పరిహారం అడగడం మరవకండి. అటవీ సెక్షన్ ఆఫీసర్, వ్యవసాయ విస్తరణాధికారి చూసి పంచనామా రాసేదాకా పాడైన చెట్లు కోసి పశువులకు వేయకండి. చాలా దరఖాస్తులు తిరిగొచ్చేది ఇందుకే. వన్యప్రాణుల నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమాలో చేరుస్తున్నట్టు కేంద్రం 2025 నవంబర్‌లో ప్రకటించింది. అందులో 72 గంటల్లోగా యాప్‌లో స్థలం నమోదయ్యే ఫోటోలతో తెలపాలి. అయితే రాష్ట్రం ఆ పథకంలో ఉండి, జిల్లానూ జంతువునూ గుర్తిస్తేనే అది వర్తిస్తుంది. మండల వ్యవసాయాధికారిని అడిగి తెలుసుకోండి.

మక్క విరిచాక కంచెను ఊరికే వదిలేయకండి. కరెంటు లేని తీగను పందులు ఎండాకాలమంతా దాటుతూ పోతే వానాకాలానికి దానికి భయపడటం మానేస్తాయి. తీగ చుట్ట చుట్టి, ఇన్సులేటర్లు సంచిలో వేసి, బ్యాటరీని ఇంట్లో నెలకోసారి చార్జి చేస్తూ ఉంచండి. ఎర్త్ రాడ్లు మాత్రం అక్కడే ఉండనివ్వండి, వాటి తలల మీద బోర్లించిన కుండ పెంకు పెడితే నాగలికి తగలకుండా కనబడతాయి.